గుమ్మటం లేని మస్జిదు: ఢాకాలో లూయీ కాన్ ప్రభావం

మస్జిదు అనగానే గుమ్మటం, మీనార్లు కళ్ళముందు నిలుస్తాయి. అవి లేని కట్టడాన్ని మస్జిదుగా అంగీకరించటానికి చాలామందికి మనసొప్పదు. కాని మదీనాలో మహాప్రవక్త (స) కాలంనాటి మస్జిదు మట్టి ఇటుకల గోడలతో, ఖర్జూరపు దుంగలతో, మట్టల కప్పుతో కట్టినదే. దానికి గుమ్మటంగాని మీనారుగాని లేవు. మీనార్లు అక్కడ లేచింది ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో. ఈ సంగతి గుర్తున్నప్పుడే ఢాకాలోని రెండు కట్టడాలను సరిగా తూచటం సాధ్యం.

మొదటిది బంగ్లాదేశ్ పార్లమెంటు భవనం. ఆ ప్రాంతం తూర్పు పాకిస్తాన్‌గా ఉన్న రోజుల్లో, 1962లో, ఈ పని అమెరికా వాస్తుశిల్పి లూయీ కాన్ (1901–1974) చేతికి వచ్చింది. తనకు దక్కబోయిన ఈ అవకాశాన్ని వదులుకొని ఆయనను రప్పించటానికి పాటుపడినవారు బెంగాలీ వాస్తుశిల్పి మజ్హరుల్ ఇస్లాం. ఇటువంటి ఔదార్యం ఏ వృత్తిలోనైనా అరుదే! 1971 యుద్ధంతో పని ఆగింది. భవనం పూర్తయ్యేసరికి 1982 వచ్చింది. అప్పటికి కాన్ లేరు.

ప్రభుత్వం అడిగింది ఒక చిన్న ప్రార్థన గది మాత్రమే. కాన్ దానిని భవనానికే ప్రాణంగా భావించారు. దక్షిణ ద్వారం మీద హాలు నిలిపి, నాలుగు మూలల నాలుగు గుండ్రని బురుజులు పెట్టి, వాటిలోనుంచి వెలుగు లోపలికి దిగేటట్లు చేశారు. భవనమంతా ఒకే సూటిలో ఉండగా ఈ హాలు ఒక్కటే కొద్దిగా పక్కకు తిరిగి ఉంటుంది. కారణం ఖిబ్లా. అంతటి రాజ్యభవనం తన కొలతల క్రమాన్ని నమాజు దిశ కోసం సడలించుకొన్నది. యూదు కుటుంబంలో పుట్టిన కాన్, ఇస్లామీయ నిర్మాణాన్ని గుమ్మటాల్లో వెతకక దిశలో వెతకటం గమనార్హం.

గోడకు గుండ్రటి కంత పొడిచినంత మాత్రాన ఎవరూ కాన్ శిష్యులు కారు. ఢాకాలో ఆ కంతలు ఎండనూ వానజల్లునూ ఆపే వెలుపలి గోడవి. పోలిక పట్టుకొన్నవారు ఈ ప్రయోజనాన్ని వదిలేస్తారు.

ప్రయోజనాన్ని పట్టుకొన్నవారు మరీనా తబస్సుమ్. అదే నగరంలో ఆమె అమ్మమ్మ ఇచ్చిన స్థలంలో, చందాలతో, 2012లో పూర్తయిన బైతుర్రవూఫ్ మస్జిదు ఆమె రూపకల్పన. ఆ స్థలం ఖిబ్లాకు 13 డిగ్రీలు పక్కకు ఉంది. వెలుపల చతురస్రం, అందులో వృత్తం, వృత్తంలో ఖిబ్లాకు తిప్పిన నమాజు హాలు: చిక్కును దాచకుండా దానినే రూపంగా మలచారు. ఈ పాఠం కాన్ హాలుదే. కాని కాన్ వాడిన పాలరాతి పట్టీలు ఇక్కడ లేవు; వెలుపలి గోడలు ఇటుకవి. సందులున్న ఇటుక గోడలగుండా గాలి ఆడుతుంది, కప్పులోని రంధ్రాలనుంచి వెలుగుచుక్కలు నేలమీద రాలుతాయి. పార్లమెంటు భవనానికి 1989లో లభించిన ఆగాఖాన్ వాస్తు పురస్కారమే దీనికి 2016లో లభించింది.

రెండింటిలో మస్జిదు అన్న పేరుకు ఎక్కువ తగినది రెండవదే. కాన్ హాలు కాపలాల నడుమ ఉంది. దారిన పోయే మనిషి అందులో సజ్దా చేయలేడు. బైతుర్రవూఫ్ అరుగు మీద పిల్లలు ఆడుకొంటారు, వృద్ధులు కూర్చుంటారు. అయితే ఒక అభ్యంతరాన్ని కొట్టివేయరాదు. మీనారు అలంకారమే కాదు, ఊరికి కొత్తగా వచ్చిన బాటసారికి గుర్తు కూడా. ఈ ఇటుక పెట్టెను చూసి అతడు ఆగుతాడా? లోపలికి వచ్చినవానికి మాత్రం దిశ తెలుస్తుంది. ఖిబ్లా గోడలో నిలువుగా ఒక సన్నని సందు ఉంది. దానిని ఏటవాలుగా మలచినందువల్ల వెలుగు వస్తుంది, వీధిలో పోయేవారు మాత్రం నమాజీల కంటబడరు.