ధర పెరిగాక కొనేది నిల్వ కాదు

ఈ వారం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. నూనె, పప్పులు, బియ్యం ధరలు రెట్టింపు కాబోతున్నాయి, వెంటనే తెచ్చి పెట్టుకోండి అని. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. సాయంత్రానికల్లా వీధి చివర కిరాణా కొట్లో పొద్దుతిరుగుడు నూనె అయిపోయింది. కార్లు తెచ్చుకుని పెట్టెలకు పెట్టెలు వేసుకుపోయారట. పని ముగించుకుని రాత్రి కొట్టుకు వచ్చిన పక్క బిల్డింగు వాచ్‌మన్ భార్య, అరలీటరు ప్యాకెట్ దొరక్క వెనక్కి వెళ్లిందని కొట్టు అతను చెప్పాడు. నాకు వచ్చిన కోపం ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు.

భయపడ్డవాళ్లను నేను తప్పు పట్టను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు నూనె ధర ఎక్కడికి ఎగబాకిందో మనందరికీ గుర్తుంది. మనం తెప్పించుకునే పొద్దుతిరుగుడు నూనెలో చాలా భాగం యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్, రష్యాలదే. ఆ ఏప్రిల్ చివర ఇండొనేసియా పామాయిల్ ఎగుమతి కూడా ఆపింది. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది కనుక, ఎక్కడో నిప్పు పడితే మన పోపుగిన్నెకు సెగ తగులుతుంది. 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపగానే అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం కొట్ల ముందు వరుస కట్టారు. ఇంటికి ఒక్క బస్తానే అని కొన్ని కొట్లలో నియమం పెట్టాల్సి వచ్చింది. ఆ నెలలోనే మదనపల్లె టమాటా కిలో రెండొందల దాకా వెళ్లింది. కాబట్టి ముందుచూపు అక్కర్లేదని నేను అనను. దశాబ్దాలుగా అక్కరుందనే రాస్తున్నాను. ఒరుగుల గురించి, తిరగలి గురించి, పాలిష్ పట్టని పప్పు గురించి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు చదివారో మీకే తెలుసు. మళ్లీ చదవాలి, తప్పదు.

మా మేనత్తది కర్నూలు జిల్లాలో నల్లరేగడి పల్లె. ఆమె ఇంట్లో సంవత్సరం ఉగాదితో మొదలయ్యేది కాదు, కందులు ఇంటికి రావడంతో మొదలయ్యేది. సంక్రాంతి దాటాక కళ్లం నుంచి వచ్చిన కందుల్ని ముందు చెరిగి, పుచ్చులు ఏరి పడేసేవారు. ఎర్రమన్నును నీళ్లలో చిక్కగా కలిపి గింజలకు పట్టించి, కుప్పపోసి రాత్రంతా మగ్గనిచ్చేవారు. తరువాత ఎండ. గింజ పైపొర వదులయ్యేదాకా, వేలితో నలిపితే పొట్టు ఊడేదాకా ఎండ. అప్పుడు తిరగలి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని విసురుతుంటే బేడలు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు. పొట్టు, నూక గేదెకు. బేడలకు చేతులతో కాస్త ఆముదం రాసి, మళ్లీ ఎండబెట్టి, వేపాకు వేసి కుండలకు ఎత్తేవారు. మూతికి గుడ్డ కట్టి పేడ, మట్టి కలిపి మెత్తితే ఇక వానాకాలం మధ్యలో కూడా పురుగు కనపడదు. ఇవాళ కొట్లో దొరికే మెరిసే పప్పుకు ఆ రుచి రాదని నేను రాసినప్పుడల్లా పాఠకుల్లో సగం మంది అవునని, సగం మంది అది జ్ఞాపకానికి ఉన్న రుచి అని అంటారు. అవునన్నవారే సరి.

కందుల పని అయ్యేసరికి చింతపండు వచ్చేది. ఈనెలు, గింజలు తీసి, ఉప్పు చల్లుతూ కుండలో తొక్కి పెట్టేవారు. మాఘం, ఫాల్గుణంలో మిరపకాయలు. ఎండలు ముదిరాక ఒరుగులు: గోరుచిక్కుడు, వంకాయ, కాకర, చివర్లో పుల్లమామిడి. టమాటా ఎప్పుడు అడ్డికి పావుసేరుగా దొరికితే అప్పుడు కోసి, ఉప్పు రాసి మిద్దె మీద పరిచేవారు. ఆషాఢంలో కూర దొరకని రోజు ఆ ఒరుగులే పులుసులోకి దిగేవి. ఊళ్లో ధర గురించి మాట్లాడటం నేను వినేవాణ్ని కాని, ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

జొన్నలది వేరే కథ. అవి పాతరకు వెళ్లేవి. గట్టి నేలలో లోతుగా గొయ్యి తవ్వి, లోపల చొప్ప, గడ్డి అంచులంతా పరిచి, జొన్నలు నింపి, పైన గడ్డి వేసి మట్టితో మూసేసేవారు. గాలి ఆడకపోతే పురుగు బతకదు, సూత్రం అంతే. ఏళ్లు నిలిచేవి. తీసే రోజు మాత్రం పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మూత తీసి చాలాసేపు వదిలేసి, తాడుకు దీపం కట్టి దించేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. లోపల నిలిచిన చెడుగాలికి ప్రాణాలు పోయిన వాళ్లున్నారు. ఆ జొన్నల రొట్టెకు ఒక ఘాటైన వాసన ఉండేది. మా మేనత్తకు ఆ వాసన ఇష్టం. “గింజ సులువుగా దొరికేటప్పుడు కొనాల నాయనా, ఆకలైనప్పుడు కొంటే అంగడోడు చెప్పిందే రేటు” అనేది.

ఆ మాటలో ఆర్థికశాస్త్రం ఉంది. 2015 చివర కందిపప్పు కిలో రెండొందలకు చేరింది. ఆ ధర చూసి రైతులు కంది విపరీతంగా వేశారు, వానలూ కలిసొచ్చాయి. 2017 మొదట్లో పంట మార్కెట్‌కు వచ్చినప్పుడు క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర కూడా చాలా చోట్ల దక్కలేదు. టమాటాదీ అదే దారి. 2023 జులైలో రెండొందలు పలికిన పంటను సెప్టెంబరులో రాయలసీమ రైతులు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోశారు. కొరతా వరదా ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతున్నాయి. పంట వచ్చిన నెలలో ఇళ్లన్నీ ఏడాదికి సరిపడా కొని దాచుకుంటే అప్పుడు రైతుకు ధర నిలబడుతుంది, వానాకాలంలో మనకూ కంగారు ఉండదు. ధర పెరుగుతోందని విన్న రోజు పరుగెత్తి పెట్టెలు ఎత్తుకురావడం ఇందుకు పూర్తిగా తలకిందులు. ఆ పరుగు ధరను ఇంకాస్త ఎగదోస్తుంది, పక్కింటి పళ్లెంలోది లాక్కుంటుంది.

ఇదంతా మా ఇంట్లో పనిచేసే ఆమెతో చెప్పాను. అంట్లు తోముతూనే విన్నది. “ఏడాది పప్పు ఒక్కసారి కొనాలంటే రెండు నెలల జీతం కావాలి సార్. కొన్నా ఎక్కడ పెట్టుకునేది? రేకుల గది, ఎలుకలు. మిద్దె ఓనర్లది” అంది. చెప్పి తన పనిలో పడింది. తరువాత నేను ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ మూడు ముక్కలకు నా దగ్గర జవాబు లేదు. గింజ చౌకగా ఉన్నప్పుడు కొనడానికి చేతిలో డబ్బు ఉండాలి, దాచడానికి పొడి గది ఉండాలి, ఎండబెట్టడానికి మిద్దె ఉండాలి. ఈ మూడూ లేనివాళ్లు పావుకిలో చొప్పున కొంటారు, ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ ధర వాళ్లే కడతారు. మా మేనత్త పాతర కూడా పొలం ఉన్న ఇంటిదే. ఆ ఊళ్లో పాతర లేని ఇళ్లు చాలా ఉండేవి. వాళ్లు ఆషాఢంలో మా మేనత్త గడపకు చేట పట్టుకుని వచ్చేవారు.

ఇంటింటి నిల్వ దేశాన్ని కాపాడుతుందనుకోవడానికి మా సీమ చరిత్ర కూడా ఒప్పుకోదు. 1876లో ధాత కరువు మొదలైనప్పుడు మద్రాసు ప్రభుత్వం గుట్టుగా ధాన్యం కొని నిల్వ చేయబోయింది. వ్యాపారంలో వేలు పెట్టవద్దని వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం అడ్డుపడింది. జనం చస్తుంటే ఓడల్లో ధాన్యం బయటికి పోతూనే ఉంది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. ప్రభుత్వం చేతిలో గిడ్డంగి లేనందుకు చెల్లించిన మూల్యం అది.

గిడ్డంగి ఊరి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో జహీరాబాద్ ప్రాంతం చూపించింది. 1990ల నడుమ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడుపడ్డ భూములు సాగులోకి తేవడానికి రైతులకు అప్పు ఇచ్చాయి. ఆ అప్పును జొన్నల రూపంలో తీర్చాలన్నది షరతు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండేవి. ఎవరిది ఎంత పేద ఇల్లో సంఘం ఆడవాళ్లే కూర్చుని తేల్చి, గడ్డు నెలల్లో ఆ ఇళ్లకు తక్కువ ధరకు కొలిచి ఇచ్చారు. పాతర విద్యా ఉంది, పాతర లేని ఇల్లూ ఉంది, రెండూ ఒకచోట కలిశాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది అక్షరం రాని దళిత మహిళలు.

మన రేషన్ దుకాణం కూడా అలాంటి ఉమ్మడి పాతరే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలయ్యాక ఎన్ని పొయ్యిలు ఆరకుండా నిలిచాయో మనకు తెలుసు. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు ఐదు కిలోలు హక్కుగా ఇచ్చింది. తెలంగాణలో ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచిదే. కానీ ధర పెరిగితే పేదవాడి పళ్లెంలోంచి ముందు మాయమయ్యేది అన్నం కాదు, పప్పు. ఆ తరువాత నూనె. వాటికి ఈ పాతరలో నిలకడైన చోటు లేదు, ఒక నెల ఇస్తే ఒక నెల ఉండదు. పంట చేతికొచ్చిన నెలలో రైతు దగ్గర మద్దతు ధరకు కంది, జొన్న కొని నెలనెలా కార్డుకు ఇవ్వడమే ధరల పెరుగుదలకు నాకు తెలిసిన అసలైన ముందు జాగ్రత్త. నా ఒరుగులూ, నా కుండలూ దాని తరువాతే.

చేలల్లో కంది ఇప్పుడు పూత మీద ఉంది. సంక్రాంతి దాటితే గింజ వస్తుంది. ఈలోగా మీ అపార్ట్‌మెంటులో, మీ వీధిలో నలుగురు కలిసి ఒక లెక్క వేసుకోండి. తెలిసిన రైతు దగ్గర ఒకేసారి కొనండి. ఆ లెక్కలో మీ వాచ్‌మన్ ఇంటికీ, మీ ఇంట్లో పనిచేసే ఆమెకూ వాటా రాయండి. వాళ్ల పప్పు మీ గదిలో ఉండనివ్వండి, డబ్బు నెలనెలా కొద్దికొద్దిగా ఇస్తారు. గ్రామసభలో, వార్డు సమావేశంలో మైకు మీ చేతికి వస్తే రేషన్‌లో పప్పు ఎప్పుడిస్తారని అడగండి. వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన సాయంత్రం మాత్రం దయచేసి కొట్టుకు వెళ్లకండి.