ఫ్యూజు పీకేముందు ఒక్క మాట

ముందుమాట అడిగితే నేను మామూలుగా ఒప్పుకోను. కంటిచూపు మందగించింది, మెచ్చుకోలు మాటలూ అరిగిపోయాయి. ఈ పుస్తకం అచ్చుప్రతి మాత్రం ఒక్క రాత్రిలో చదివేశాను. రాసిన అమ్మాయి నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరై, మా పక్క బళ్ళలో తెలుగు ఏటికో తరగతి చొప్పున వెనక్కి జరుగుతున్న రోజులవి. ఆ తరం పిల్ల ఇంత తేటగా రాసిందన్నదే నాకు మొదటి సంబరం. 'విద్యుత్ సరఫరా నిలిపివేత' అనలేదు, 'ఫ్యూజు పీకడం' అంది. మా మింజూరులో ఎవరినడిగినా దాని పేరు అదే.

మొదటి భాగం చలిదేశాల గురించి. మార్గళి మంచు మనకు ఒక మఫ్లరుతో గడిచిపోతుంది. బిల్లు బాకీపడి, ఇల్లు వెచ్చగా లేక మనిషి గడ్డకట్టి చనిపోతాడంటే నమ్మబుద్ధి కాదు. 2009 జనవరిలో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం బే సిటీలో, 93 ఏళ్ళ ముసలాయన అలాగే పోయాడు. బాకీ ఉందని ఆయన ఇంటికి కరెంటు వాడకాన్ని కట్టడి చేసే పరికరం బిగించారు. ఆయన లేనివాడేమీ కాదని తరువాత తేలింది. న్యూజెర్సీలో నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా, సర్కారు సాయం పొందే కుటుంబాలకు కరెంటు, గ్యాసు కోయకూడదు. అక్కడ మన తెలుగువాళ్ళు అంతమంది కాపురముంటున్నారు గాని, ఈ సంగతి ఎందరికి తెలుసో! ఫ్రాన్సులో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా, మనిషి కాపురముంటున్న ఇంటికి సరఫరా పూర్తిగా ఆపేయడానికి వీల్లేదు. బాకీ ఎక్కడా మాఫీ కాదు. చలి పోయేదాకా ఆగుతారు, అంతే.

అక్కణ్ణుంచి రచయిత్రి అరిజోనా ఎడారికి వెళ్తుంది. నా లెక్కన అసలు పుస్తకం అక్కడే మొదలవుతుంది. 2018 సెప్టెంబరులో అక్కడ 72 ఏళ్ళ ఒకావిడకు కరెంటు కోశారు. మిగిలిన బాకీ 51 డాలర్లు. ఆ వేడికి ఇంట్లోనే చనిపోయింది. మరుసటి ఏడు ఆ రాష్ట్రం జూన్ 1 నుంచి అక్టోబరు 15 దాకా కోతలు ఆపించింది. ఇది చదివాక మన అగ్ని నక్షత్రం ఎండలు గుర్తురాకుండా ఉంటాయా? మింజూరు పక్కనే వల్లూరులో 1500 మెగావాట్ల కేంద్రం, అత్తిపట్టు దగ్గర ఉత్తర చెన్నై థర్మల్. ఆ పొగగొట్టాలు కనిపించే వీధుల్లో రేకుల ఇళ్ళున్నాయి. మే నెలలో ఫ్యాను ఆగితే మనిషి బయటికొచ్చి అరుగుమీద కూర్చోవలసిందే. పసిబిడ్డో మంచాన పడ్డ ముసలమ్మో అయితే ఎక్కడ కూర్చుంటారు?

మన దేశంలో చట్టం లేకపోలేదు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం, రాతపూర్వకంగా 15 రోజులు నిండా గడువు ఇవ్వనిదే ఫ్యూజు పీకకూడదు. బిల్లు మీద తగాదా ఉంటే నిరసన తెలిపి సొమ్ము కట్టి కరెంటు నిలబెట్టుకోవచ్చు. అయితే ఆ సెక్షనుకు చలీ తెలియదు, ఎండా తెలియదు. 2016 మే నుంచి తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితం, సంతోషమే. అద్దెకుండేవాడికి అది అందుతుందా? ఇంటాయన విడిగా మీటరు పెట్టి యూనిట్‌కింత అని పిండుకుంటాడు, కరెంటు కార్డు ఆయన పేరున ఉంటుంది, బిల్లు ఆయన కట్టకపోతే చీకటి అద్దెవాడికి. ఈ అద్దె కొంపల అధ్యాయం పుస్తకానికి తలమానికం. రెండు నెలల రీడింగు బిల్లు రోజుకూలీ మీద ఒక్కసారిగా పడుతుందని, ఎండాకాలం వాడిన ఫ్యాను లెక్క సరిగ్గా బడి ఫీజుల జూన్‌లో చేతికొస్తుందని ఈ అమ్మాయి ఇంటింటికీ తిరిగి పట్టుకుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంటావిడ ఆసుపత్రిలో ఉన్న ఏడు బిల్లు కట్టడం మరిచాను. లైన్‌మ్యాన్ నిచ్చెనతో వచ్చాడు. వాళ్ళబ్బాయి నా శిష్యుడు. "సార్, రేపు పొద్దున్నే కట్టేయండి, నేనీ వీధికి రాలేదనుకోండి" అని తమిళంలో చెప్పి వెళ్ళిపోయాడు. మరునాడు కౌంటరు దగ్గర వరసలో నా ముందు, వెనక వీధిలో ఇడ్లీలమ్మే ఆవిడ. ముందురోజు ఆమె ఫ్యూజు పీకేశారు. చేతిలో కార్డు చూశాను, ఆమె బాకీ నాదానికంటే తక్కువ. మిచాంగ్ తుఫానుకు ఊరంతా చీకటైతే ఒకరికొకరం కొవ్వొత్తులు ఇచ్చుకున్నాం, ఎవరికీ తలవంపు కాలేదు. వీధిలో ఒక్క ఇల్లే చీకటైతే ఆ ఇంటివాళ్ళు తలుపేసుకుంటారు. లైన్‌మ్యాన్ వచ్చిన రోజు నాకు దక్కిన దయ బళ్ళో పాఠం చెప్పినందుకు దక్కింది. పాఠం చెప్పనివాళ్ళకు కూడా అది రాతలో దక్కాలని ఈ పుస్తకం అడుగుతోంది.

ఒకచోట నాకు ఒప్పుదల లేదు. ఏడాది పొడుగునా కోతలే వద్దంటుంది రచయిత్రి. బొగ్గు ఊరికే రాదమ్మా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆపి, బాకీని వాయిదాలు వేస్తే చాలునంటాను. 2020 లాక్‌డౌన్‌లో మన తిరువళ్ళూరు జిల్లాకు బిల్లు గడువు మళ్ళీ మళ్ళీ పొడిగించారు, దాంతో ఆకాశమేమీ విరిగిపడలేదు.

అక్షరాలు మరీ చిన్నవిగా వేశారు, రెండో ముద్రణకైనా పెంచండి. తమిళంలోనూ వేయండి. ఒక ప్రతి నేనే కొంటాను, ఆ లైన్‌మ్యాన్ కొడుక్కి ఇవ్వడానికి. వాడూ ఇప్పుడు కరెంటు బోర్డులోనే ఉన్నాడు, వాళ్ళ నాన్న నిచ్చెనే మోస్తున్నాడు.