గ్రూపు ఫొటో వెనక పేర్లు

బడి ఫుట్‌బాల్ టీముల పాత గ్రూపు ఫొటోలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. వెనక నిలబడ్డ వరస, ముందు కుర్చీల్లో హెడ్మాస్టరు, డ్రిల్లు మాస్టరు, మధ్యలో కెప్టెన్, నేల మీద బాసింపట్టు వేసుకున్న ఇద్దరు చిన్న పిల్లలు. అట్ట మీద కింద పేర్లు అచ్చువేయించేవారు. చాలా ఇళ్లలో ఫ్రేము కట్టించేటప్పుడు ఆ అట్టనే కోసేశారు. ముఖాలు మిగిలాయి, పేర్లు పోయాయి.

సికింద్రాబాద్‌లో మా మేనమామ ఇల్లు సర్దుతుంటే ట్రంకు పెట్టె అడుగున అలాంటి ఫొటోలు కొన్ని దొరికాయి. ఎనభై దాటిన మామ బడి టీములో రైట్ ఇన్ ఆడేవాడు. ముందుగా ఫొటోలను కాలక్రమంలో పేర్చాలనుకున్నాను. అందుకు బంతి సాయపడింది. తోలు బంతికి తాడు కుట్టు కనిపిస్తే పాత కాలపుదని ఊహించవచ్చు. నలుపు తెలుపు ముక్కల బంతి లోకమంతా తెలిసింది 1970 ప్రపంచ కప్‌తో. అది ఉన్న ఫొటో దాదాపుగా ఆ తర్వాతిదే. కాళ్లను మాత్రం నమ్మలేం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు గానీ, బడి పిల్లలు ఆ తర్వాత కూడా చాలాకాలం వట్టి కాళ్లతోనే ఆడారు.

పేర్ల దగ్గర చిక్కొచ్చింది. "మామా, వీళ్లెవరు?" అంటే చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇతను ఎక్కడ ఆడేవాడు?" అని అడిగాను. వెంటనే అందుకున్నాడు. "వీడా? లెఫ్టౌట్. బంతి దొరికితే ఎవ్వనికీ చిక్కకపోతుండె." ఆ వెంటే పేరొచ్చింది, వాళ్ల నాన్న రైల్వేలో చేసేవాడన్న సంగతీ వచ్చింది. గోలీ, సెంటర్ హాఫ్, సెంటర్ ఫార్వర్డ్ అంటూ మైదానంలో నిలబెట్టుకుంటూ పోతే టీము దాదాపు అంతా తేలింది. మిగిలిన ఇద్దరి పేర్లు మామ పాత జోడీదారు ఫోన్లో చెప్పాడు. ఆటగాడి జ్ఞాపకం ఆట గుండానే తెరుచుకుంటుందని నాకు అర్థమైంది.

ఈ పేర్ల కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, హైదరాబాద్ ఫుట్‌బాల్ పుట్టింది బడుల్లో, బస్తీల్లో. మన దేశానికి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ టీము 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. జకార్తాలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. ఆ పెద్ద పేర్లు చరిత్రలో ఉన్నాయి. వాళ్లకు ఎదురుగా, పక్కగా బడి మైదానాల్లో ఆడిన వందల మంది పిల్లలకు స్కోరు పుస్తకాల్లేవు, పత్రికల్లో వార్తల్లేవు. చాలామందికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ గ్రూపు ఫొటో.

దాన్ని కాపాడటం కష్టం కాదు. తేమకు ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకండి, బొమ్మ పొర అద్దంతోపాటే ఊడొస్తుంది. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి అద్దం మీదుగానే మరో ఫొటో తీసుకోండి. విడిగా ఉన్నవాటిని స్కాన్ చేయించండి. లామినేషన్ వద్దు, జిగురు పేజీల ఆల్బమ్ అసలే వద్దు. వెనక బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందుకు ఉబ్బుతుంది, సిరా ఊరుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా, వరస వరసకీ ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. బడి, ఏడాది, ఎవరు ఎక్కడ ఆడారో కూడా చేర్చండి.

ఆ టీముల్లో ఆడినవాళ్లకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. మీ ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే ఈ ఆదివారమే గోడ మీంచి దించి, గుర్తుపట్టగల పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లండి. పేర్లు రాశాక ఒక కాపీ ఆ బడికి ఇవ్వండి.