తప్పు జవాబుతో మొదలగు పాఠము
(డెరిక్ మల్లర్ శాస్త్ర వీడియోలను గూర్చి)

ఇప్పుడు మన ఇండ్లలో పిల్లలకు శాస్త్రము చెప్పువారు రెండు తెగలవారు. ఒకరు బడిలోని ఉపాధ్యాయులు. మరియొకరు చేతిలోని ఫోనులో మాటలాడువారు. ఉపాధ్యాయుల బోధను గూర్చి తల్లిదండ్రులు విచారింతురు, మార్కులు చూతురు, అవసరమైనచో బడికి పోయి అడుగుదురు. ఫోనులోని వారిని గూర్చి విచారించువారు లేరు. “శాస్త్రమే కదా చూచుచున్నాడు” అని ఊరకుందురు. అందుచేత ఆ రెండవ తెగలో మిక్కిలి ప్రసిద్ధులైన ఒకరిని గూర్చి, గ్రంథవిమర్శ చేయు పద్ధతిలోనే కొంత ముచ్చటింపదలచితిమి. ఆయన పేరు డెరిక్ మల్లర్. ఆయన యూట్యూబు ఛానెలు పేరు వెరిటాసియమ్. దానికి చందాదారులు కోటిన్నరకు పైబడియున్నారు.

మల్లరుగారు 1982లో ఆస్ట్రేలియా దేశమున, విక్టోరియా రాష్ట్రమందలి ట్రరాల్గన్ పట్టణమున జన్మించిరి. తల్లిదండ్రులు దక్షిణాఫ్రికావారు. పసితనముననే కుటుంబము కెనడాలోని వాంకూవరు ప్రాంతమునకు తరలినది. పూర్వులొకచోట, పుట్టుక యొకచోట, పెరుగుట వేరొకచోట అనునది మనవంటివారికి వింత కాదు. క్వీన్స్ విశ్వవిద్యాలయమున 2004లో ఇంజనీరింగు భౌతికశాస్త్రమున పట్టము పొందిరి. సినిమాలు తీయవలెనను కోరిక యుండుటచే ఆస్ట్రేలియాకు మరలి పోయిరి. కాని అక్కడ చేసినది సిడ్నీ విశ్వవిద్యాలయమున పరిశోధన, 2008లో డాక్టరేటు. విషయము: భౌతికశాస్త్ర బోధనకు నిజముగా ఉపకరించు దృశ్యపాఠములను తయారుచేయుట యెట్లు? సినిమా మీది మోజును శాస్త్రము మీది శ్రద్ధయు ఒకేచోట చేరినవి.

ఆ పరిశోధనలోని ఒక ప్రయోగము నెరిగినగాని ఆయన వీడియోల మంచిచెడ్డలు తెలియవు. బంతిని పైకి విసరినాము. చేతిని వదలి అది పైకి పోవుచున్నప్పుడు దానిమీద ఏయే బలములు పనిచేయుచుండును? చేయి ఇచ్చిన బలము బంతిలో కొంతసేపు నిలిచియుండి క్రమముగా తరిగిపోవునని చాలమంది యనుకొందురు. గాలి ఒరపిడిని లెక్కింపకున్నచో, అప్పుడు దానిమీద పనిచేయునది భూమ్యాకర్షణ యొక్కటే. ఇట్టి ప్రశ్నలతో విద్యార్థులకు ముందొక పరీక్ష పెట్టిరి. 26 మార్కులకు సగటున 6 వచ్చినవి. పిమ్మట కొందరికి న్యూటను సూత్రములను బొమ్మలతో, తేటగా, పొల్లుమాట లేకుండ వివరించు వీడియో చూపిరి. చూచినవారు “చాల స్పష్టముగా నున్నది” అని మెచ్చుకొనిరి. మరల పరీక్ష పెట్టగా సగటు 6.3!

వేరొక జట్టునకు వేరొక వీడియో చూపిరి. అందులో ఒక విద్యార్థి తన తప్పు అభిప్రాయమును ధైర్యముగా చెప్పును. గురువు దానిని ప్రశ్నించి, అది యెక్కడ నిలువదో చూపి, అప్పుడు సరియైనదానిని తేల్చును. చూచినవారు “తికమకగా నున్నది” అనిరి. కాని వారి సగటు 11కు చేరెను. కారణమును మల్లరుగారు ఇట్లు గ్రహించిరి. తేటమాట వినువాడు “ఇది నాకు తెలిసినదే” అనుకొనును. తన తలలోని అభిప్రాయమునకును తెరమీది మాటకును భేదమున్నదని గమనింపడు. విన్నదానిని తన పాత అభిప్రాయమునకు అతుకునట్లుగా జ్ఞాపకముంచుకొనును.

మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, దస్త్రముల నడుమ ఉద్యోగము చేసి విరమించినవారము. అయినను ఈ సంగతి మాకు క్రొత్తగా తోచలేదు. చక్కని దస్తూరితో, చక్కని భాషతో వ్రాసిన నోటునకు సంతకము సులభముగా పడును. మరునాడు అందులో ఏమున్నదని యడిగిన, సంతకము చేసినవారికి జ్ఞాపకముండదు. కొట్టివేతలును ప్రశ్నార్థకములును గల కాగితమే అందరి మనస్సులో నిలుచును.

2011 జనవరిలో వెరిటాసియమ్ ఆరంభమైనది. తొలినాళ్ల వీడియోలు చిన్నవి; ఖర్చు లేనివి. ఆయన కెమెరా పట్టుకొని వీధిలోనికో తోటలోనికో పోయి, దారినపోవువారిని అడుగును: బరువైన బంతి, తేలికైన బంతి ఒక్కసారి విడిచిన ఏది ముందు నేలను తాకును? చెట్టునకు అంత బరువు ఎక్కడనుండి వచ్చెను? వారు నవ్వుచు, తడబడుచు చెప్పిన తప్పు జవాబులే పాఠమునకు మొదలు. ఆయన ఎవరిని ఎగతాళి చేయరు. ఆ మర్యాద మాకు మిక్కిలి నచ్చినది.

చెట్టు ప్రశ్ననే తీసికొందము. మామిడితోపులు గల మన ప్రాంతమున ఎవరినడిగినను “మట్టినుండి, ఎరువునుండి, నీటినుండి” అందురు. ఇది చదువులేనివారి తప్పు కాదు. 17వ శతాబ్దమున వాన్ హెల్మాంట్ అను పండితుడు 200 పౌనుల ఎండుమట్టిలో 5 పౌనుల మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రము పోసెను. చెట్టు 169 పౌనులైనది. మట్టి తగ్గినది రెండు ఔన్సులు. మట్టి కాదని తేలినది గదా! అందుచేత అంతయు నీరే యని ఆయన నిశ్చయించెను. అదియు తప్పే. కలపలోని కర్బనము గాలిలోని కార్బన్ డైయాక్సైడు అను బొగ్గుపులుసు వాయువు నుండి వచ్చును. చెట్టు బరువులో ఎక్కువ భాగమునకు మూలము ఆ వాయువే. దానికి నీటినుండి వచ్చిన పాలు కలియును. మట్టినుండి వచ్చునది అత్యల్పము. గాలికి బరువు లేదనుకొను మనస్సునకు ఈ మాట ఊరక చెప్పిన అంటదు. ముందు “మట్టి” అని తన నోటితో పలికినవానికే అంటును.

మన భాషలో శాస్త్రమును జనులకు చెప్పినవారు తక్కువవారు కారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. మా కాలమున మహీధర నళినీమోహన్ గారును, భాభా అణుపరిశోధన కేంద్రమున పనిచేసి 2012లో దివంగతులైన కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారును వ్రాసినవి చదివి ఆనందింపనివారు లేరు. వారి వచనము తేటనీరు. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. మన శాస్త్రరచనలో రచయిత చెప్పును, పాఠకుడు తలయూచును. పాఠకునిచేత తప్పు పలికించు గుణము మన రచనలలో అరుదు. మన విమర్శకులు కూడ “సులభశైలి” యను బిరుదు నిచ్చి ఊరకుందురు. సులభశైలియే చాలదని మల్లరుగారి 6.3 చెప్పుచున్నది.

ఇక ఆయన తరువాతి వీడియోలు. ఖర్చు పెరిగినది, నిడివి పెరిగినది. ఇందును మంచివి కలవు. గాలివాలున గాలికంటె వేగముగా పోవు బ్లాక్‌బర్డ్ అను బండిని గూర్చి 2021లో తీసినది అట్టిది. లాస్ ఏంజిలీసు విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకరు అది అసాధ్యమని 10,000 డాలర్ల పందెము కట్టిరి; తుదకు మల్లరుగారే గెలిచిరి. నేలమీది చక్రములు పంకాను త్రిప్పును, పంకా గాలిని వెనుకకు నెట్టును; నేలకును గాలికిని గల వేగభేదమే ఆ బండికి శక్తి. ఇచ్చట తప్పు జవాబు ఒక భౌతికశాస్త్రాచార్యునిది! పాతపద్ధతియే గొప్పస్థాయిలో నిలిచినది.

ఆ యేటి నవంబరులోనే వచ్చిన విద్యుత్తు వీడియో మాకు అంతగా నచ్చలేదు. ఒక్కొక్కటి 3 లక్షల కిలోమీటర్ల పొడవుగల రెండు తీగెలు, మీట, బ్యాటరీ. వానికి ఒక్క మీటరు దూరమున దీపము. మీట నొక్కిన ఎంతసేపటికి దీపము వెలుగును? సెకనులో సుమారు ముప్పదికోట్లవ వంతులో అని ఆయన జవాబు. శక్తి తీగె చుట్టునుగల క్షేత్రముల ద్వారా పోవును గనుక. కాని అప్పుడు దీపమునకు చేరునది బహు స్వల్పమైన విద్యుత్తు. దానిని “వెలుగుట” అనవచ్చునా యనునదానిమీదనే జవాబు నిలిచియున్నది. ఇది జనుల తలలోని తప్పును వెలికితీయు ప్రశ్న కాదు, ప్రశ్నలోనే పెట్టిన ఉచ్చు. ఇంజనీర్లు ఆక్షేపించిరి. ఆయన 2022లో మరల వీడియో చేసి, ప్రయోగము చేయించి చూపిరి. ఆ పని మెచ్చదగినదే.

ధనము సంగతి క్లుప్తముగా చెప్పెదము. డ్రైవరులేని కార్లను పొగడు 2021 వీడియోకు అట్టి కార్లను నడుపు వేమో సంస్థయే ధనమిచ్చినది. ఆయన ఆ సంగతి దాచలేదు. కాని ఎదుటివాని సందేహములను అంత ఓపికగా వినువారు ఆ వీడియోలో కార్లను సందేహించువారి పక్షమును తగినంత వినలేదని మా అభిప్రాయము. 2023లో ఒక పెట్టుబడి సంస్థ ఛానెలులో భాగము కొన్నది. ఇటీవల కొన్ని వీడియోలలో ఇతరులు చెప్పుచున్నారు. వారి మాట స్పష్టము, చిత్రములు మనోహరములు. చూచుచున్నంతసేపు అంతయు తెలిసినట్లే యుండును. 2008 నాటి పరిశోధన భయపడినది సరిగా ఇట్టి తెలివినే. ఇది గమనింపక పిల్లవాడు గంటసేపు చూచెనని సంతోషించుట వ్యర్థము. చూచుటకు ముందు “నీ జవాబేమి?” అని ఇంటివారు ఒక్కమాట అడుగవలెను.

మల్లరుగారి మాట ఆంగ్లము. మన పిల్లలు బడిలో తమిళమో ఆంగ్లమో చదువుచున్నారు; తెలుగు ఇంటిభాష. కాని తప్పు అభిప్రాయములు పుట్టునది ఇంటిభాషలోనే కదా! మన ధర్మపురి జిల్లా బోరునీటిలో ఫ్లోరైడు అధికమని, దానిచే పిల్లల పండ్లు మచ్చలు పడుననియు, ఎముకలు చెడుననియు అందరికిని తెలిసినదే. ఇది రాళ్లనుండి నీటిలో కరగి వచ్చునది. జపాను సహాయముతో కట్టిన హొగెనకల్ త్రాగునీటి పథకము 2013లో ప్రారంభమై కావేరినీటిని తెచ్చినది. అయినను బోరునీరు త్రాగుట మానని ఇండ్లున్నవి. “కాచి త్రాగుదుము, భయము లేదు” అందురు. కాచినచో చచ్చునవి క్రిములు. ఫ్లోరైడు ఉప్పువలె కరగియుండును, ఆవిరితో పోదు. నీరు తరిగిన కొలది దాని పాలు కొంచెము పెరుగును గాని తగ్గదు.

ఈ సంగతిని కరపత్రముగా అచ్చువేయవచ్చును, స్పష్టముగానే యుండును. దానికంటె మన సంఘపు యువకుడెవడైనను ఫోను పట్టుకొని పది యిండ్ల అరుగులమీద పెద్దలను అడుగుట మేలు: “అమ్మమ్మా, నీళ్లు కాచితే ఫ్లోరైడు పోతుందా?” వచ్చు జవాబులు సగము తమిళపుమాటలు కలిసిన మన ధర్మపురి తెలుగులోనే వచ్చును. వానిని కత్తిరింపక, భాష దిద్దక, మొదట అట్లే వినిపింపవలెను.