కృష్ణారెడ్డి అచ్చుచిత్రములు: ప్రవాసియు, జ్ఞాపకమును

ఇల్లు విడిచిపోయిన చిత్రకారుడు ఆ విడిచిన యింటినే చిత్రింపవలెనను అభిప్రాయము నేటి విమర్శకులలో బలపడియున్నది. వలస, స్థానభ్రంశము, స్మృతి అను మూడు మాటలు చిత్రప్రదర్శనశాలల గోడలపై నెక్కడ జూచినను కానవచ్చుచున్నవి. ఈ కొలబద్దతో గొలిచినచో మన తెలుగువాడైన కృష్ణారెడ్డి తేలిపోవును. ఆయన చిత్రములలో ఊరు లేదు, వీథి లేదు, తల్లి లేదు. అయినను లోపము కొలబద్దలోనే యున్నదని మా యభిప్రాయము.

ఆయన 1925లో చిత్తూరు మండలములోని నందనూరున జనించెను. శాంతినికేతనమున నందలాల్ బోసునకు శిష్యుడై, మదరాసు కళాక్షేత్రమున గొంతకాలము బోధించి, 1949లో లండనుకు బోయి హెన్రీ మూరు నొద్ద శిల్పము నభ్యసించెను. పిమ్మట పారిసు చేరి, స్టాన్లీ విలియం హేటరు నడపుచుండిన ‘అటెల్యే 17’ అను అచ్చు కర్మశాలలో గుదురుకొనెను. ఆ కర్మశాలయు ప్రవాసియే. 1927లో పారిసున బుట్టి, యుద్ధము వలన 1940లో న్యూయార్కునకు దరలి, 1950లో మరల స్వస్థానము చేరినది. కృష్ణారెడ్డికి 1972లో పద్మశ్రీ వచ్చినది. తరువాత న్యూయార్కున బోధకుడై స్థిరపడి, 2018లో నచ్చటనే కన్నుమూసెను. మన యిండ్లలో ఆయన పేరెరిగినవారెందరు?

అదే కర్మశాలలో 1960లలో పనిచేసిన జరీనా హష్మీ 1937లో అలీగఢున బుట్టినది. ఆమె జ్ఞాపకమునే వస్తువుగా గైకొన్నది. ఇల్లు పరదేశమను అర్థము గల పేరుతో 1999లో 36 చెక్క అచ్చులు చేసి, ఒక్కొక్కదానికి నొక్కొక్క ఉర్దూ మాటను జతచేసినది. 2001లో దేశవిభజన సరిహద్దును నల్లని యొక్క గీతగా నిలిపినది. అవి గొప్ప చిత్రములు. చూచినవారి కంఠము బిగియును. కాని జరీనాకు దగినది కృష్ణారెడ్డికిని దగవలెనని యేల?

ఆయన ప్రతిభ యెక్కడ నున్నదో తెలియవలెనన్న పనితనమును జూడవలెను. సామాన్యముగా రంగుల అచ్చునకు రంగున కొక రేకు కావలెను. కృష్ణారెడ్డియు, కైకో మోతీయు, హేటరు కర్మశాలలోని మిత్రులును సాధించిన పద్ధతిలో ఒకే లోహపు రేకును పలు లోతులలో జెక్కుదురు. అడుగు గీతలలో నొక సిరా నింపి పైభాగమును దుడుతురు. అవిసెనూనె యెక్కువ కలిపి పలుచన చేసిన వేరొక సిరాను గట్టి రోలరుతో పైమట్టమునకు మాత్రము పట్టింతురు. చిక్కని మరియొక సిరాను మెత్తని రోలరుతో దొర్లింపగా నది పల్లములలోనికి దిగును. పైనున్న జిడ్డు సిరా దానిని తనపై నిలువనీయదు. ఇట్లు రంగులన్నియు ఒకే రేకుపై వేర్వేరుగా నిలిచి, ఒక్క నొక్కుడుతో కాగితమున కెక్కును. ప్రవాసజీవితమున కిది చక్కని యుపమానమని చెప్పుట సులభము. మేమంత తొందరపడము. ఆయన పాటుపడినది సిరాల చిక్కదనమును గూర్చియే.

1963 నాటి ‘సుడిగుండము’ను జూడుడు. నీలిరంగు నీరు గిరగిర తిరుగుచు లోపలికి లాగును. అది సీను నదిదా, చిత్తూరు చెరువుదా యని యడుగుటకు వీలులేదు. రేకును మలచినది శిల్పము నేర్చిన చేయి. ప్రకృతిని రూపముగా గాక చలనముగా జూచు దృష్టి శాంతినికేతనమున నలవడినదని మేము తలంతుము. ఆయన వెంట దీసికొనిపోయిన జ్ఞాపకమిదియే.

మేము వ్రాయుచున్న మెట్టుగూడలో నిది పుస్తకములలోని ప్రశ్న కాదు. లాలాగూడ కర్మాగారమును, రైల్వే కొలువును నమ్ముకొని పలు భాషల కుటుంబము లిచటికి వచ్చినవి. కొలువు ముగిసిననాడు క్వార్టరు ఖాళీచేయవలెను. గోడలకు మేకుల గుర్తులే మిగులును. వారి మనుమలలో గొందరిపుడు అమెరికాలో నున్నారు. పిల్లవాడు తాటిచెట్టు, గుడి, ఎడ్లబండి గీసి ఫోనులో జూపినగాని వానికి మన ఊరు జ్ఞాపకమున్నదని పెద్దలు నమ్మరు. ఆ పెద్దలలో నెందరో యేండ్ల తరబడి లేతు మిషనుపై నినుమును వెండ్రుకవాసి తప్పకుండ మలచినవారు. ఆ నేర్పును మనుమ డడుగడు, తాత చెప్పడు.

కృష్ణారెడ్డి చిత్రములన్నియు సమానములని మేమనము. 1980ల నాటి ‘మహా విదూషకుడు’ పలు రంగులలో మరల మరల అచ్చుపడినది. వానిలో గొన్నిట విద్యాప్రదర్శనము భావమును మించినది. 1968 నాటి పారిసు విద్యార్థుల తిరుగుబాటు నుండి పుట్టిన ‘ప్రదర్శనకారులు’ మాకు మిక్కిలి ప్రియము. పరదేశి యొకడు పరుల వీథిలోని యాందోళనమును తనదిగా జేసికొని, ఒక్కొక్కని ముఖమును గాక గుంపు యొక్క నిలుకడను రేకులో జెక్కినాడు.

న్యూయార్కులోని మెట్రోపాలిటను మ్యూజియము 2016–17లో హేటరు, కృష్ణారెడ్డి, జరీనాల పనిని ఒకచోట జూపినది. అచ్చుచిత్రమున కొక గుణము కలదు: ఒకే రేకు నుండి తీసిన ప్రతులన్నియు మూలములే. అయినను నేటి వెలలకు అవి మన సంసారుల గోడల కెక్కవు. మన బడులలో లినోలియము ముక్క, ఉలి, రోలరు, కొంత సిరా యుంచి అచ్చు తీయుట పిల్లలకు నేర్పవచ్చును. రైల్వే కర్మాగారమున బనిచేసి విరమించిన వృద్ధులను బిలిచి, ఉలి పట్టుట వారిచేతనే చూపింపవచ్చును.