చట్రానికి బలమిచ్చే చేతులు

1957లో లోటస్ సెవెన్ అనే కారు వచ్చాక బ్రిటన్‌లో ఎందరో ఇంటి గ్యారేజీల్లోనే కిట్ కార్లు, అంటే విడిభాగాలు కొని బిగించుకునే కార్లు, కట్టుకున్నారు. అలాంటి కార్ల తేలికపాటి ఉక్కు గొట్టాల చట్రంలో బలమైన ఇంజిన్ పెడితే సస్పెన్షన్ బిగించే చోటు త్వరగా అలిసిపోతుంది. వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు మొదలవుతుంది. మంచి వెల్డర్ అక్కడ మందపాటి రేకు అతికించి ఊరుకోడు. భారం పలచని గొట్టం నడుమ పడకుండా, గొట్టాలు కలిసే ముడికి చేరేలా ముక్కోణపు పలక అమరుస్తాడు. బోల్టు బిగిస్తే గొట్టం నలగకుండా లోపల స్లీవ్ దూర్చి అతుకుతాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అతని ఓపిక. చట్రాన్ని కదలకుండా పట్టి ఉంచే జిగ్‌కు బిగించి, ముందు చుక్కలు చుక్కలుగా అతికి, వేడికి వంకర పోకుండా ఈ పక్క కాస్త, ఆ పక్క కాస్త వెల్డ్ చేస్తాడు. సస్పెన్షన్ బిగించే చోటు కొద్దిగా జరిగినా చక్రం కోణం మారిపోతుంది మరి! కిట్ కారు కొనాలనుకుంటే, ఎన్ని హార్స్‌పవర్లని అడిగే ముందు కిందికి వంగి ఈ అతుకులు చూడండి.