మెనూ మాత్రం బాగా రాశారు

మా వీధి మలుపులో ఆర్నెల్లుగా ఒక పిజ్జా హోటల్ నడుస్తోంది. పేరు చెప్పను. పెద్ద కంపెనీది కాదు, ఇద్దరు కుర్రాళ్ళు సొంతంగా పెట్టుకున్నది. ఇలాంటి చోటు గురించి చెడ్డగా రాయడానికి చెయ్యి ఆడదు. మొదటి కవితా సంపుటి వేసుకున్నవాళ్ళని ఏమంటాం? ‘మంచి ప్రయత్నం’ అని భుజం తట్టి వదిలేస్తాం. ఆ మాటతో మన కవిత్వానికి ఎంత మేలు జరిగిందో చూస్తూనే ఉన్నాం కాబట్టి, పిజ్జా దగ్గరైనా అది వాడదల్చుకోలేదు.

ముందు మెనూ. నాలుగు పేజీలు. నేపుల్స్ సందులు, అమ్మమ్మ చేతి రుచి, రెండ్రోజులు పులిసిన పిండి, కట్టెల పొయ్యి, అన్నీ ఉన్నాయి. విశేషణం తగిలించుకోని నామవాచకం ఒక్కటి దొరికితే ఒట్టు.

కట్టెల పొయ్యి ఉంది కూడా. గోడలో ఇటుకల తోరణం, పక్కన ముచ్చటగా పేర్చిన కట్టెలు. ఇటుకలకి మసి లేదు. లోపల ఒక పసుపు బల్బు వెలుగుతోంది. పిజ్జా మాత్రం కౌంటర్ వెనకున్న కరెంటు ఓవెన్ కుయ్యిమన్నాక వచ్చింది.

నేపుల్స్ పేరు వాడుకున్నారు కాబట్టి ఆ లెక్క చూడాలి. అక్కడివాళ్ళు 1984లో ఒక సంఘం పెట్టుకుని తమ పిజ్జాకి నియమాలు రాసుకున్నారు. పిండి కనీసం 8 గంటలు పులవాలి, 400 డిగ్రీలు దాటిన పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. ఇది చాదస్తం కాదు. అంత వేడికి పిండిలో నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై అంచు పొంగుతుంది, లోపల మెత్తదనం మిగులుతుంది. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే తేమంతా పోయి బిస్కెట్ అవుతుంది. నా ముందుకొచ్చిన మార్గరీటా సరిగ్గా అదే. అంచు పొంగలేదు, ఎక్కడా మాడిన చుక్క లేదు, తిరగేస్తే అడుగున జల్లెడ అచ్చు. సాస్ తియ్యగా ఉంది. చీజ్ ఐదు నిమిషాల్లో చల్లారి ఒక్క రేకులా ఊడొచ్చింది. ఒరెగానో పొట్లాలు నాలుగిచ్చారు. అంటే రుచి బాధ్యత మనదే.

అసలు నేపుల్స్‌లా లేకపోవడం నా ఫిర్యాదే కాదు. అమెరికా ఖండం నుంచి టమాటా రాకపోతే నేపుల్స్ వాళ్ళకే మార్గరీటా లేదు. అరువు తెచ్చుకున్న వంటకి మడి ఏమిటి? పైగా హైదరాబాద్‌కి మైదా, పులియబెట్టడం, భగ్గుమనే వేడి కొత్తా? పాతబస్తీలో చార్‌కోనీ నాన్ బట్టీ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. గోడకి అంటించిన పిండి ఎలా పొంగుతుందో, ఎక్కడ మాడితే రుచో కళ్ళారా కనిపిస్తుంది. వీళ్ళు అక్కడిదాకా వెళ్ళకుండా నేరుగా ఇటలీ వెళ్ళిపోయారు, అదీ మెనూలోనే.

ఆశ్చర్యం ఏంటంటే, ఆ బల్ల మీద నిజంగా బాగున్నది ఒకటుంది: పనీర్ టిక్కా పిజ్జా. బేస్ అదే అట్టముక్క అయినా, పైన పనీర్‌కి పట్టించిన మసాలా చెయ్యి తిరిగినవాళ్ళది. పెరుగు పులుపు, కసూరీ మేథీ, కాస్త కాలిన ఉల్లిపాయ, దేని లెక్క దానికుంది. వంటగదిలో ఎవరో పనొచ్చిన మనిషి ఉన్నారు. మెనూలో దీనికి దక్కింది చివరి పేజీలో ఒక్క లైను. విశేషణాల్లేవు. అమ్మమ్మ కూడా లేదు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. వచ్చినదాన్ని దాచి, రానిదాన్ని అలంకరించారు. బిల్లుకి ముందే ఐదు నక్షత్రాల కోసం ఫోన్‌కి స్కానర్ పెట్టారు. కాలనీలో అందరూ ఇచ్చేస్తున్నారు, మనవాళ్ళే కదా అని. ఐదుకి ఐదు వచ్చినవాడు పిండి ఎందుకు మారుస్తాడు?

నేనైతే రెండే ఇచ్చి, పనీర్ టిక్కా మొదటి పేజీకి తెమ్మని రాశాను. ఆ ఇటుకల తోరణం కూడా తీసేస్తే ఇంకో రెండు బల్లలు పడతాయి. ఆదివారం సాయంత్రాలు పిల్లల్ని ఎత్తుకుని జనం బయటే నిలబడుతున్నారు.